కాన్పుతో మూసేసిన ఫైలు: స్త్రీల ఆరోగ్య పరిశోధనలో తెగిన లంకెలు

నిద్ర పట్టనివారికి వైద్యులు విరివిగా రాసే జోల్పిడెమ్ మాత్రకు 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆడవారికీ మగవారికీ ఒకటే మోతాదు, రాత్రి పడుకునే ముందు 10 మిల్లీగ్రాములు. ఇరవై ఏళ్లు గడిచాక, 2013 జనవరిలో, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్త్రీలకు ఆ మోతాదును సగానికి, అంటే 5 మిల్లీగ్రాములకు, తగ్గించాలని చెప్పింది. మాత్ర వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత, తెల్లవారి లేచి బండి తీసే వేళకు, సుమారు 15 శాతం మంది స్త్రీల రక్తంలో వాహనం నడపడానికి ప్రమాదకరమయ్యే స్థాయిలో మందు ఇంకా మిగిలి ఉంటోందని, పురుషుల్లో అలాంటివారు 3 శాతమేనని పరీక్షల్లో తేలింది. స్త్రీల శరీరం ఆ మందును నెమ్మదిగా వదిలించుకుంటుంది. ఆ తేడా మందు పుట్టిననాటి నుంచీ ఉన్నదే. మోతాదు నిర్ణయంలోకి రావడానికే అంత కాలం పట్టింది.

స్త్రీల ఆరోగ్యంపై పరిశోధన వెనుకబడిందని చెప్పేటప్పుడు సాధారణంగా వినిపించే కారణం, ప్రయోగాల్లో స్త్రీలను తక్కువగా చేర్చుకున్నారన్నది. అది నిజమే కానీ, పూర్తి నిజం కాదు. చేర్చుకున్నచోట కూడా ఫలితాలను విడిగా చూడకపోవడం, రుతుస్రావం వంటి విషయాలను అసలు అడగకపోవడం, అన్నింటికీ మించి బాల్యం నుంచి వృద్ధాప్యం దాకా ఒకే శరీరంలో సాగే జీవితాన్ని యుక్తవయసు, గర్భం, ముట్లుడిగిన దశ అని ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో వైద్య విభాగానికి అప్పగించడం కూడా ఈ లోటుకు కారణాలే. ఇరవై అయిదేళ్ల వయసులో శరీరం ఇచ్చిన హెచ్చరిక యాభై అయిదేళ్ల వయసులో వైద్యుడి చేతికి అందడం లేదంటే, నష్టం జరుగుతున్నది ముఖ్యంగా ఈ దశల మధ్య లంకెలు తెగినచోట.

స్త్రీలను ప్రయోగాలకు దూరంగా ఉంచడం వెనుక ఒక నిజమైన విషాదం ఉంది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను నిద్రకూ, వేవిళ్లకూ అనేక దేశాల్లో వాడారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకునేలోగా పదివేల మందికి పైగా శిశువులు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. అమెరికాలో ఎఫ్‌డీఏ అధికారిణి ఫ్రాన్సెస్ కెల్సీ, ఆధారాలు చాలవంటూ అనుమతి నిరాకరించడం వల్ల ఆ దేశం చాలావరకు తప్పించుకుంది. గర్భిణులకు మందు ఇచ్చేముందు జాగ్రత్తగా పరీక్షించాలన్నది ఈ ఘటన నేర్పవలసిన పాఠం. విధానాలు రాసినవారు మాత్రం పరీక్షల నుంచి స్త్రీలనే తప్పించారు. 1977లో ఎఫ్‌డీఏ ఇచ్చిన మార్గదర్శకం, గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీలను మందుల తొలిదశ ప్రయోగాల నుంచి మినహాయించింది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు, పెళ్లికానివారు, భర్తకు వేసెక్టమీ అయినవారు సైతం అందులోకే వచ్చారు. ప్రయోగశాలలో స్త్రీలకు దొరికిన ఆ రక్షణ మందుల దుకాణం దగ్గర ముగిసిపోయింది. ఆ మందులు చివరికి వారూ వాడవలసినవే కదా.

ప్రయోగశాల జంతువుల దగ్గరా ఇదే ధోరణి సాగింది. ఆడ ఎలుకల్లో హార్మోన్లు రోజురోజుకూ మారుతుంటాయి కాబట్టి ఫలితాలు నిలకడగా రావన్న నమ్మకంతో దశాబ్దాలపాటు మగ ఎలుకలపైనే పరిశోధనలు నడిచాయి. 2014లో దాదాపు మూడు వందల పరిశోధన పత్రాలను కలిపి లెక్కచూసినప్పుడు ఆడ ఎలుకల ఫలితాల్లో హెచ్చుతగ్గులు మగవాటి కంటే ఎక్కువేమీ లేవని తేలింది. అంత బలంగా పాతుకుపోయిన నమ్మకాన్ని అంతకుముందు ఆ స్థాయిలో సరిచూడకపోవడం విజ్ఞానశాస్త్రానికి తగినపని కాదు.

ఈ ధోరణి పర్యవసానం ఆస్పిరిన్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. రోజు విడిచి రోజు ఆస్పిరిన్ వేసుకుంటే మొదటి గుండెపోటు ముప్పు 44 శాతం తగ్గుతుందని 1989లో తేల్చిన ప్రఖ్యాత అధ్యయనంలో 22,071 మంది వైద్యులు పాల్గొన్నారు. వారంతా పురుషులే. నలభై అయిదేళ్లు దాటిన 39,876 మంది స్త్రీలను పదేళ్లపాటు గమనించిన మరో అధ్యయనం 2005లో వెలువడినప్పుడు, మొత్తంగా చూస్తే ఆస్పిరిన్ వారిలో గుండెపోట్లను తగ్గించలేదని, పక్షవాతం ముప్పును మాత్రం 17 శాతం తగ్గించిందని తెలిసింది. రెండు అధ్యయనాల్లో మోతాదు ఒకటి కాదు కాబట్టి తేడా అంతా స్త్రీపురుష భేదానిదే అనడానికి వీల్లేదు. అయినా మొదటి ఫలితాన్ని అందరికీ వర్తింపజేసిన పదహారేళ్లలో, ఆ వర్తింపుకు ఆధారం లేదన్నది నిజం.

1993లో పరిస్థితి మారింది. ఎఫ్‌డీఏ పాత మినహాయింపును ఎత్తివేసింది. అదే ఏడాది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో జరిగే క్లినికల్ పరిశోధనల్లో స్త్రీలను చేర్చుకోవడం చట్టప్రకారం తప్పనిసరి అయింది. చేర్చుకోవడం తొలి మెట్టు మాత్రమే. గుండె వైఫల్యానికి వాడే డైజాక్సిన్‌పై 6,800 మందితో జరిగిన ప్రయోగం, ఆ మందు మరణాలను పెంచదు, తగ్గించదు అని 1997లో చెప్పింది. వారిలో స్త్రీలు నాలుగోవంతు కూడా లేరు. 2002లో వేరే పరిశోధకులు అదే గణాంకాలను స్త్రీలకూ పురుషులకూ విడదీసి చూసినప్పుడు, డైజాక్సిన్ వాడిన స్త్రీలలో 33.1 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర వాడిన స్త్రీలలో 28.9 శాతం మంది మరణించినట్టు కనబడింది. జరిగిపోయిన ప్రయోగాన్ని తిరిగి విడదీసి చూసే లెక్కలకు పరిమితులు ఉంటాయి, దీనిపైనా చర్చ జరిగింది. కానీ ఆ అంకెలు అయిదేళ్లపాటు మొత్తం సగటు కింద కప్పబడి ఉన్నాయి, విడదీయడానికి కొత్తగా ఒక్క రోగిని కూడా చేర్చుకోవలసిన పని లేకపోయింది.

ఇక జీవితంలోని దశల వైపు చూస్తే, మొదటి లంకె రజస్వల అయిన నాటి నుంచే తెగడం మొదలవుతుంది. నెలసరి శరీరం మొత్తం ఆరోగ్యానికి నెలనెలా అందే సూచిక. అది ఎప్పుడు మొదలైంది, ఎన్ని రోజులకు వస్తోంది, ఎంత పోతోంది, ఎంత నొప్పి ఉంటోంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులుంటే థైరాయిడ్ లోపం, రక్తం గడ్డకట్టే గుణంలో లోపాలు, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, గర్భసంచి పొరకు సంబంధించిన ఎండోమెట్రియోసిస్ వంటి అనేక సమస్యల జాడ ముందే పట్టుకోవచ్చు. ఆ ప్రశ్నలను పరిశోధన ఎంత తక్కువగా అడిగిందో కోవిడ్ టీకాల కాలంలో బయటపడింది. వేలాదిమందిపై జరిగిన ఆ టీకాల ప్రయోగాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు, చెయ్యి వాపు అన్నీ నమోదు చేశారు. నెలసరి తేదీ మారిందా అని మాత్రం అడగలేదు. టీకా వేసుకున్నాక తమ నెలసరి మారిందని 2021లో వేలాది స్త్రీలు చెబుతుంటే, అవునో కాదో చెప్పడానికి ఎవరి దగ్గరా గణాంకాలు లేకపోయాయి. నెలసరిని ఫోన్ యాప్‌లో రాసుకునే సుమారు నాలుగు వేలమంది వివరాలతో 2022 జనవరిలో వచ్చిన అధ్యయనం, మార్పు నిజమేనని, అయితే అది సగటున ఒక రోజు కంటే తక్కువేనని, రక్తస్రావం సాగే రోజుల సంఖ్య మారలేదని తేల్చింది. భయపడనవసరం లేని జవాబే. ఆ ఒక్క ప్రశ్న ప్రయోగపత్రంలో ముందే ఉండి ఉంటే, ఆ జవాబు వదంతుల కంటే ముందే జనానికి చేరేది.

ఇంకాస్త దగ్గరగా ఒక సామాన్యమైన వస్తువును చూద్దాం. రక్తస్రావం ఎక్కువగా ఉందని వచ్చిన స్త్రీని వైద్యులు అడిగే మొదటి ప్రశ్న, రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారని. ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి కాబట్టి, ప్యాడ్ల సంఖ్య నుంచి మిల్లీలీటర్లను అంచనా వేయాలి. అందుకు ఒక్కో ప్యాడ్ ఎంత రక్తాన్ని పీలుస్తుందో తెలియాలి. తయారీదారులు పీల్చుకునే సామర్థ్యాన్ని సాధారణంగా ఉప్పునీటితోనో మామూలు నీటితోనో కొలుస్తూ వచ్చారు. రక్తం నీటికంటే చిక్కగా ఉంటుంది, అది గుడ్డలోకి ఇంకే తీరే వేరు. గడువు దాటిన రక్తనిధి రక్తకణాలను ఉపయోగించి ఒరెగాన్‌లోని పరిశోధకులు ప్యాడ్లు, ట్యాంపాన్లు, నెలసరి కప్పులు, డిస్కులు, స్రావాన్ని పీల్చే లోదుస్తులు కలిపి 21 రకాలను పరీక్షించిన ఫలితాలు 2023లో వచ్చాయి. లేబుల్‌పై రాసిన సామర్థ్యానికీ నిజంగా పట్టిన రక్తానికీ చాలా ఉత్పత్తుల్లో పొంతన కుదరలేదు. ఒక రకానికీ మరో రకానికీ మధ్య తేడా ఎన్నో రెట్లు ఉంది. 'రోజుకు నాలుగు' అన్న జవాబు ఒక స్త్రీ విషయంలో మామూలు స్రావమూ మరొకరి విషయంలో వైద్యం అవసరమైన స్రావమూ కావచ్చన్నమాట. తరతరాలుగా అడుగుతున్న ప్రశ్నకు కొలబద్ద ఇంత ఆలస్యంగా తయారైంది.

దీని ప్రభావం చిన్నదేమీ కాదు. ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో సుమారు 30 శాతం మందికి, అంటే 50 కోట్లకు పైబడిన వారికి, రక్తహీనత ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తిండిలో ఇనుము చాలకపోవడం, పరాన్నజీవులు, దీర్ఘవ్యాధులు అందుకు కారణాలైనట్టే నెలనెలా పోయే రక్తమూ కారణమే. ఆ రక్తహీనతతోనే గర్భంలోకి అడుగుపెట్టిన స్త్రీకి కాన్పు సమయంలో కొద్దిపాటి రక్తం పోయినా తట్టుకునే శక్తి ఉండదు. పదిహేనేళ్ల వయసులో అడగని ప్రశ్న ఇరవై అయిదేళ్ల వయసులో ప్రాణం మీదికి వచ్చే మార్గాల్లో ఇదొకటి. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి బయట పెరిగి తీవ్రమైన నొప్పిని, కొందరిలో సంతానలేమిని కలిగించే ఎండోమెట్రియోసిస్‌దీ ఇటువంటి చరిత్రే. పునరుత్పత్తి వయసులోని స్త్రీలలో సుమారు పదోవంతు మందికి ఉండే ఈ వ్యాధిని నిర్ధారించడంలో చాలా అధ్యయనాలు అయిదేళ్లకు పైబడిన జాప్యాన్ని నమోదు చేశాయి. నెలసరి నొప్పి అందరికీ ఉండేదేనన్న మాట ఇంట్లోనూ వైద్యశాలలోనూ వినపడటం ఈ ఆలస్యానికి పెద్ద కారణం.

లంకె తెగకుండా నిలిచినచోట ఏమవుతుందో చూపే ఉదాహరణ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఈ క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ మూలమని 1980ల్లో చూపిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. టీకా 2006లోనే అందుబాటులోకి వచ్చింది. వైరస్ సోకడానికీ క్యాన్సర్ రావడానికీ మధ్య పదీ ఇరవై ఏళ్లు గడుస్తాయి కాబట్టి, పన్నెండేళ్ల బాలికకు వేసే టీకా ఫలితాన్ని ఆమె ముప్పై, నలభై ఏళ్ల వయసులో చూడాలి. టీకా నమోదులనూ క్యాన్సర్ నమోదులనూ కలిపి ఉంచిన దేశాలకే అది సాధ్యమైంది. స్వీడన్‌లో సుమారు 16.7 లక్షల మంది వివరాలతో 2020లో వచ్చిన అధ్యయనం, పదిహేడేళ్లలోపు టీకా వేసుకున్నవారిలో ఈ క్యాన్సర్ ముప్పు 88 శాతం తక్కువని తేల్చింది. 12, 13 ఏళ్ల వయసులో టీకా పూర్తిచేసుకున్న తరంలో ఒక్క కేసు కూడా నమోదు కాలేదని స్కాట్లాండ్ 2024లో ప్రకటించింది. 2022లో ప్రపంచంలో ఈ క్యాన్సర్‌తో దాదాపు మూడున్నర లక్షల మంది చనిపోయారు, వారిలో అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాలవారు. ఒక్క డోసు చాలుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంగీకరించడంతో ఆ దేశాలకు దారి కొంత సులువైంది.

గర్భం, ప్రసవం స్త్రీల ఆరోగ్యంలో ఎక్కువ వెలుగు పడిన దశ అని అనుకుంటాం. అక్కడి చీకట్లూ తక్కువేం కాదు. ప్రసవానంతర రక్తస్రావం తల్లుల మరణాలకు ప్రపంచంలోని ముఖ్య కారణాల్లో ఒకటి. దాన్ని ఆపడానికి తోడ్పడే ట్రానెక్జామిక్ యాసిడ్‌ను జపాన్ శాస్త్రవేత్తలు ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకె 1960ల తొలి ఏళ్లలోనే కనిపెట్టారు. కాన్పులో రక్తం పోయి తల్లులు చనిపోవడాన్ని ఆపాలన్నది ఉటాకో ఆశయం. ప్రసూతి వైద్యుల చేత ప్రయోగం చేయించడానికి ఆమె చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఆ మందు దంతవైద్యంలోనూ శస్త్రచికిత్సల్లోనూ వాడుకలోకి వెళ్లిపోయింది. 20,060 మంది తల్లులపై జరిగిన ప్రయోగం, మూడు గంటల్లోపు ఈ మందు ఇస్తే రక్తస్రావ మరణాలు దాదాపు మూడోవంతు తగ్గుతాయని 2017లో నిరూపించింది. ఉటాకో 98 ఏళ్ల వయసులో అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. మందు చేతిలో ఉండి అర్ధశతాబ్దం పాటు ప్రశ్న అడగకపోవడం వల్ల పోయిన ప్రాణాలను లెక్కించే మార్గం లేదు.

మందు ఉన్నా, ఎప్పుడు ఇవ్వాలో తెలియాలంటే ఎంత రక్తం పోయిందో తెలియాలి. కాన్పు గదిలో దుప్పట్లలోకి, గాజుగుడ్డల్లోకి, నేల మీదికి పోయిన రక్తాన్ని కంటితో చూసి అంచనా కట్టడమే చాలాకాలం ఆనవాయితీ, ఆ అంచనా తరచూ అసలు కంటే తక్కువగానే ఉంటుంది. దీనికి దొరికిన పరిష్కారం చాలా సాదాది. తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ షీటుకు చివర గరాటులాంటి సంచి ఉంటుంది, దానిపై మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. రక్తం అందులోకి జారుతుంది. గీత దాటగానే నర్సు గర్భసంచిని మర్దన చేయడం, గర్భసంచి బిగుసుకునే మందు, ట్రానెక్జామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్షించడం అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒక్కసారిగా మొదలుపెడుతుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షలకు పైగా కాన్పులపై ఈ పద్ధతిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మామూలు పద్ధతిలో అధిక రక్తస్రావాన్ని దాదాపు సగం కేసుల్లోనే గుర్తించగా, కొత్త పద్ధతిలో 93 శాతం గుర్తించారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, మరణం ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయాయి.

గర్భిణులు వాడే మందుల విషయంలో మాత్రం థాలిడోమైడ్ నీడ ఇంకా తొలగలేదు. అత్యధిక గర్భిణులు ఏదో ఒక మందు వాడుతూనే ఉంటారు, ప్రయోగాల్లో మాత్రం వారికి చోటుండదు. హెచ్ఐవీకి వాడే డొల్యుటెగ్రవిర్ శిశువుల వెన్నెముక లోపాలను పెంచుతోందని బోట్స్వానా నుంచి 2018లో వచ్చిన తొలి గణాంకాలు సూచించాయి. దాంతో ఆ మెరుగైన మందును చాలాచోట్ల స్త్రీలకు ఇవ్వడానికి వెనకాడారు. ఎక్కువమంది వివరాలు చేరేకొద్దీ ఆ అనుమానం సన్నగిల్లి, చివరికి తేడా లేదని తేలింది. ముందే పద్ధతిగా పరీక్షించి ఉంటే ఆ నిరీక్షణ ఇంత పొడవుగా సాగేది కాదు.

లంకె అన్నింటికంటే దారుణంగా తెగేది కాన్పు అయిన ఆరు వారాలకు. అప్పటికి తల్లి బీపీ మామూలుకు వచ్చిందని, కుట్లు మానాయని చూసి ప్రసూతి విభాగం ఫైలు మూసేస్తుంది. గర్భం నిజానికి శరీరానికి పెట్టే ఒక కఠిన పరీక్ష: రక్త పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, గుండె అదనంగా పనిచేస్తుంది, ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి తడబడిన శరీరం తన బలహీనత ఎక్కడుందో ముప్పై ఏళ్ల ముందే చూపిస్తుంది. గర్భిణుల్లో 2 నుంచి 8 శాతం మందికి వచ్చే ప్రీఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి మూత్రపిండాలు, కాలేయం వంటి అవయవాలు దెబ్బతినే స్థితి, కాన్పుతో తగ్గిపోయినట్టే కనిపిస్తుంది; ఆ స్త్రీలకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం మిగతావారి కంటే దాదాపు రెట్టింపు. గర్భంలో షుగర్ వచ్చినవారికి తర్వాత టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంత స్పష్టమైన హెచ్చరిక పురుషుల జీవితంలో ఏ దశలోనూ దొరకదు. అయినా ఆ సమాచారం ప్రసూతి వార్డు రికార్డులో ఉండిపోతుంది. యాభై ఏళ్ల వయసులో ఆమె వెళ్లేది వేరే వైద్యుడి దగ్గరికి, బహుశా వేరే ఊళ్లో.

ముట్లుడిగే దశకు వచ్చేసరికి, పరిశోధన జరగకపోవడం ఎంత నష్టమో, జరిగిన పరిశోధనను తప్పుగా చదవడమూ అంతే నష్టమని 2002 అనుభవం చూపిస్తుంది. అమెరికాలో 1991లో ప్రారంభమైన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో 50 నుంచి 79 ఏళ్ల మధ్య 1,61,808 మంది స్త్రీలు చేరారు. వారిలో 16,608 మందిపై ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రను పరీక్షిస్తున్న విభాగాన్ని 2002 జూలైలో అర్ధంతరంగా ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందన్న అంకె ప్రపంచమంతా మారుమోగింది. అదే ఫలితాన్ని మరోలా చెబితే, పదివేల మంది స్త్రీలు ఏడాదిపాటు ఆ మందు వాడితే అదనంగా వచ్చే రొమ్ము క్యాన్సర్లు ఎనిమిది, పక్షవాతాలు ఎనిమిది, గుండెజబ్బు సంఘటనలు ఏడు. తుంటి ఎముక విరగడాలు అయిదు, పెద్దపేగు క్యాన్సర్లు ఆరు తగ్గుతాయి. ముప్పు నిజమే. దాని పరిమాణం ఎంతో జనానికి చేరలేదు.

అంతకంటే ముఖ్యమైన వివరం వయసు. పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63, అంటే చాలామందికి ముట్లుడిగి పదేళ్లు దాటిపోయింది. వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమితో వైద్యుడి దగ్గరికి వచ్చేవారు సాధారణంగా యాభై ఏళ్ల చుట్టుపక్కల వారు. అరవై మూడేళ్ల వారిలో వచ్చిన ఫలితాన్ని యాభై ఏళ్ల వారికి యథాతథంగా అంటగట్టడంతో హార్మోన్ల వాడకం ఒక్కసారిగా పడిపోయింది, మందులు రాయడానికే ఒక తరం వైద్యులు జంకారు. గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన విభాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదన్న సంగతి మరుగున పడిపోయింది. రెండు విభాగాలవారినీ పద్దెనిమిదేళ్లపాటు గమనించాక 2017లో చూస్తే, మొత్తం మరణాల్లో మందు వాడినవారికీ వాడనివారికీ తేడా కనబడలేదు. యాభయ్యో పడి వారిలో, ముట్లుడిగిన పదేళ్లలోపు, తీవ్ర లక్షణాలు ఉండి, వేరే ముప్పులు లేనివారికి హార్మోన్ చికిత్స మేలు చేస్తుందన్న అభిప్రాయానికి నిపుణులు తిరిగి వచ్చారు. ఈలోగా ఎందరో స్త్రీలు ఏళ్ల తరబడి ఆవిర్లను భరించారు. 2015లో వచ్చిన ఒక దీర్ఘకాల అధ్యయనం ప్రకారం తరచూ వచ్చే ఆవిర్లు ఉండే కాలం మధ్యస్థంగా 7.4 ఏళ్లు. ఒకటి రెండేళ్లలో పోతాయని అంతవరకూ చెప్పుకున్న మాట వట్టిదని దాంతో తేలింది.

ఆ తర్వాతి దశలో ఎముకలు గుల్లబారడం, మతిమరుపు వ్యాధులు ముందుకొస్తాయి. యాభై దాటిన ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి పెళుసుదనం వల్ల ఎముక విరుగుతుందని అంచనా. అల్జీమర్స్ రోగుల్లో దాదాపు మూడింట రెండువంతుల మంది స్త్రీలే, స్త్రీలు ఎక్కువ కాలం బతకడం ఒక్కటే దానికి కారణమా అన్న ప్రశ్నపై ఇంకా పరిశోధన సాగుతోంది. అయితే స్త్రీల ప్రాణాలను అన్నింటికంటే ఎక్కువగా తీస్తున్నవి గుండె, రక్తనాళాల జబ్బులే.

గుండెపోటు నిర్ధారణకు రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను కొలుస్తారు. ఆరోగ్యవంతులైన స్త్రీలలో దాని మామూలు స్థాయి పురుషుల కంటే తక్కువ. ఇద్దరికీ ఒకే హద్దు పెడితే స్త్రీలలో కొన్ని గుండెపోట్లు మామూలు లెక్కలోకి వెళ్లిపోతాయి. స్కాట్లాండ్ పరిశోధకులు స్త్రీలకు లీటరుకు 16 నానోగ్రాములు, పురుషులకు 34 అని వేర్వేరు హద్దులు పెట్టి చూసినప్పుడు, గుండె దెబ్బతిన్నట్టు గుర్తించిన స్త్రీల సంఖ్య గణనీయంగా పెరిగింది. 2019లో వచ్చిన తదుపరి ఫలితం మరింత ఆలోచింపజేస్తుంది. దెబ్బతిన్నట్టు గుర్తించాక కూడా, మూసుకుపోయిన రక్తనాళాలను తెరిచే చికిత్స స్త్రీలకు అందింది పురుషులతో పోలిస్తే సుమారు సగం మేరకే; వారి తర్వాతి ఆరోగ్య ఫలితాలూ మెరుగుపడలేదు. స్త్రీలలో దెబ్బకు కారణాలు కొన్నిసార్లు వేరుగా ఉండటం ఇందుకు కొంత కారణం కావచ్చు. పరీక్ష సరిదిద్దినంత మాత్రాన పరీక్ష తర్వాత తీసుకునే నిర్ణయాలు వాటంతట అవి సరికావని మాత్రం ఇది చూపింది.

తెగిన లంకెలను కలపడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు చిన్నదే. ప్రయోగపత్రంలో నెలసరి గురించి ఒక ప్రశ్న, ఫలితాల పట్టికలో స్త్రీలకూ పురుషులకూ వేర్వేరు నిలువు వరుసలు, కాన్పు రికార్డులోని ఒక పేరా తల్లితోపాటు ఆమె తర్వాతి వైద్యుడికి చేరే ఏర్పాటు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే, గర్భంలో ప్రీఎక్లాంప్సియా వచ్చిన చరిత్రను స్త్రీల గుండెజబ్బు ముప్పుల జాబితాలో చేర్చింది. 2018లో వచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దాన్నీ, నలభై ఏళ్లలోపే ముట్లుడగడాన్నీ ముప్పు పెంచే అంశాలుగా గుర్తించాయి. వచ్చే పదేళ్లలో, ముప్పై ఏళ్లలో ఒక వ్యక్తికి గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని లెక్కించడానికి అదే సంఘం 2023లో ప్రివెంట్ అనే కొత్త సూత్రాన్ని ఇచ్చింది. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు సమీకరణాలున్న ఆ లెక్కలో వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగతాగే అలవాటు, బరువు, మూత్రపిండాల పనితీరు, వాడుతున్న మందులు అన్నింటికీ గడులున్నాయి. కాన్పులో బీపీ వచ్చిందా అన్న ప్రశ్నకు మాత్రం గడి లేదు.